సార్జెంట్ యార్క్ సేద్యం



1921లో అమెరికాలో ఒక రైతు పొలం వాయిదా కట్టలేక చిక్కుల్లో పడ్డాడు. ఆ ఏడాది అక్కడ అలాంటి రైతులు వేలకు వేలమంది ఉన్నారు కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ ఈ రైతు పేరు ఆల్విన్ యార్క్. అంతకు రెండేళ్ళ కిందట న్యూయార్క్ నగరం అతన్ని నెత్తిన పెట్టుకుంది. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సిపాయిల్లో అంత పేరు తెచ్చుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఆ దేశం ఇచ్చే అన్నిటికన్నా పెద్ద సైనిక పతకం అతనికి ఉంది. వాయిదా కట్టడానికి డబ్బు మాత్రం లేదు.

యుద్ధం కథలు మనం చాలా విన్నాం. సిపాయి ఊరికి రాగానే అవి ఆగిపోతాయి. రైలు దిగడం, తల్లి ఎదురు రావడం, ఊళ్ళోవాళ్ళు దండలు వేయడం, అంతటితో సరి. ఆ మర్నాడు అతను ఏం చేశాడు, ఎవరి పొలం దున్నాడు, విత్తనాలకు డబ్బు ఎక్కడ పుట్టించాడు అన్నది ఎవరూ చెప్పరు. ఈ పూట నేను చెప్పబోయేది ఎక్కువగా ఆ మర్నాటి సంగతి. అయితే ముందు రోజు కథ కొంచెం తెలియకపోతే మర్నాటి కథ బోధపడదు గనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

టెన్నెసీ రాష్ట్రానికి ఉత్తరపు అంచున, కెంటకీ సరిహద్దుకు దగ్గరలో, కంబర్లాండ్ కొండల నడుమ వుల్ఫ్ నది పారే లోయ ఒకటుంది. ఆ లోయలో పాల్ మాల్ అని ఒక పల్లె. 1887 డిసెంబర్ 13న ఆల్విన్ అక్కడ పుట్టాడు. దుంగలు పేర్చి కట్టిన రెండు గదుల ఇల్లు. పదకొండుమంది పిల్లల్లో అతను మూడోవాడు. తండ్రి కాస్త సేద్యం, కాస్త కమ్మరం చేసేవాడు. తీరిక దొరికితే తుపాకీ పట్టుకుని అడవిలోకి పోయేవాడు. పండేది మొక్కజొన్న, పెంచేది పందులూ పశువులూ. ఇంట్లో తినే మాంసం చాలావరకు వేటలో దొరికిందే. పిల్లలకు బడి అంటే పొలం పనులు లేని రోజుల్లో ఏ కొద్ది వారాలో. ఆల్విన్ జీవితం మొత్తం మీద చదువుకున్నది తొమ్మిది నెలలని చెబుతారు.

1911లో తండ్రి పోయాడు. పైన ఇద్దరు అన్నలు పెళ్ళిళ్ళు చేసుకుని వేరే కాపురాలు పెట్టుకున్నారు. తల్లి బరువూ తమ్ముళ్ళ, చెల్లెళ్ళ బరువూ ఆల్విన్ మీద పడ్డాయి. కూలికి వెళ్ళేవాడు, అడవిలో కలప కొట్టేవాడు, రైలు కట్ట పనులకు పోయేవాడు. పగలంతా ఒళ్ళు వంచి పని చేసేవాడు, వారాంతానికి తాగి తందనాలాడేవాడు. రెండు రాష్ట్రాల సరిహద్దు గీత మీద సారా దుకాణాలు ఉండేవట. ఒక రాష్ట్రం చట్టం వద్దంటే దుకాణంలోనే నాలుగడుగులు అటు జరిగి రెండో రాష్ట్రంలో సీసా కొనుక్కోవచ్చు. అలాంటి చోట్ల యార్క్ పేరు తెలియనివాడు లేడు. కొట్లాటలు, పందేలు, తెల్లవారే వేళకు ఇల్లు చేరడం. తల్లి దీపం పెట్టుకుని కూర్చునేది. పొరుగున గ్రేసీ విలియమ్స్ అనే అమ్మాయి మీద అతనికి మనసుంది గానీ, తాగుబోతుకు పిల్లనిచ్చే మాట ఆ ఇంట్లో వినపడలేదు.

1915 మొదట్లో అతను మారాడు. ఆ లోయలో ఉన్న ఒక చిన్న క్రైస్తవ సంఘంలో చేరి, మందూ పేకాటా కొట్లాటా ఒక్కసారిగా మానేశాడు. అతని పట్టుదల ఎలాంటిదంటే, కొద్దికాలానికే ఆ సంఘంలో పెద్దల్లో ఒకడయ్యాడు. ఆ సంఘం బైబిల్‌ను అక్షరాలా నమ్మేది. చంపవద్దు అని ఉంటే చంపవద్దనే అర్థం.

రెండేళ్ళు తిరిగేసరికి యుద్ధం వచ్చిపడింది. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. వయసులో ఉన్న మగవాళ్ళందరూ పేర్లు నమోదు చేయించుకోవాలని చట్టం వచ్చింది. పాల్ మాల్‌లో ఆ పేర్లు రాసుకునే పని ఎవరిదో తెలుసా? ఊరి కిరాణా కొట్టు యజమాని, పోస్టుమాస్టరు, పైగా యార్క్ వెళ్ళే చర్చికి పాదిరీ అయిన రోజియర్ పైల్‌ది. పల్లెటూళ్ళలో అంతే కదా, పది కుర్చీల్లోనూ ఒకే మనిషి ఉంటాడు. నీకు మినహాయింపు కావాలా అన్న ప్రశ్నకు ఎదురుగా, నాకు యుద్ధం చేయాలని లేదు అని యార్క్ రాయించాడు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. ప్రభుత్వం ఆ విన్నపం తోసిపుచ్చింది. మీ సంఘానికి బైబిల్ తప్ప వేరే రాతపూర్వకమైన నియమావళి లేదు, బైబిల్‌కు ఎవరి అర్థం వాళ్ళు చెప్పుకుంటారు, కాబట్టి కుదరదన్నారు.

జార్జియాలోని క్యాంప్ గోర్డన్‌లో శిక్షణ. తుపాకీ పేల్చడం నేర్పాల్సిన అవసరం అతనికి లేదు. గురి తప్పని ఆ సిపాయి అధికారుల దగ్గరికి వచ్చి, అయ్యా, మనుషుల్ని చంపడం నా మతానికి విరుద్ధం అన్నాడు. కెప్టెన్ డాన్‌ఫోర్త్, మేజర్ బక్స్‌టన్ అతన్ని తిట్టలేదు, కొట్లో వేయలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని బైబిల్ తీశారు. అతనొక వచనం చెబితే వాళ్ళొక వచనం చెప్పారు. చివరికి ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని రమ్మని సెలవిచ్చారు. వెనక్కి వస్తే సైనికుడిగా రా, రాలేనంటే పోరాటం లేని పని చూస్తామన్నారు. యార్క్ ఊరికి వచ్చి, ఒంటరిగా కొండెక్కి ప్రార్థన చేసుకుని, సైన్యంలోకే తిరిగి వెళ్ళాడు. తరవాతి రోజుల్లో అతను తన కొడుకుల్లో ఒకడికి ఆ మేజర్ పేరు పూర్తిగా, జార్జ్ ఎడ్వర్డ్ బక్స్‌టన్ అని పెట్టుకున్నాడు. సైన్యంలో తన మాట ఓపిగ్గా విన్నవాణ్ణి ఆ పల్లెటూరి మనిషి అలా గుర్తుంచుకున్నాడు.

ఇక 1918 అక్టోబర్ 8. ఫ్రాన్స్‌లో ఆర్గాన్ అడవి, షాతెల్ షెహెరీ అనే ఊరి దగ్గర. కొండల మీద జర్మన్ల మిషన్ గన్నులు, మధ్యలో లోయ. ముందుకు వెళ్ళిన దళం కదలలేక నేలకు కరుచుకుపోయింది. సార్జెంట్ బెర్నార్డ్ ఎర్లీ నాయకత్వంలో పదిహేడుమంది పక్కనుంచి చుట్టు తిరిగి శత్రువు వెనక్కి వెళ్ళారు. అక్కడ తిండి దగ్గర కూర్చుని ఉన్న జర్మన్ల గుంపు దొరికింది. వాళ్ళు చేతులెత్తేశారు. అంతలో పై గట్టు మీది గన్నులు ఇటు తిరిగాయి. కళ్ళు మూసి తెరిచేలోగా పదిహేడుమందిలో ఆరుగురు చచ్చిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. చచ్చిపోయినవాళ్ళలో యార్క్‌కు ప్రాణస్నేహితుడైన కార్పొరల్ సావేజ్ ఒకడు. గాయపడినవాళ్ళలో ఎర్లీ ఒకడు. మిగిలినవాళ్ళకు పెద్ద యార్కే.

అతని ఊళ్ళో ఒక పందెం ఉండేది. టర్కీ కోడిని దుంగ వెనక కట్టేస్తారు. దూరం నుంచి చూస్తే ఏమీ కనపడదు. కోడి ఎప్పుడో తల పైకెత్తుతుంది, ఆ తల కనపడిన క్షణంలో కొట్టాలి. ఆ రోజు కొండ మీద జరిగింది అచ్చంగా అదే. గన్ను దగ్గర ఉన్న జర్మన్లకు కింద తమవాళ్ళే నేల మీద పడుకుని ఉన్నారు. ఎవరు తమవాళ్ళో ఎవరు కారో చూసుకోవడానికి తల ఎత్తక తప్పదు. తల ఎత్తినప్పుడల్లా యార్క్ తుపాకీ పేలింది. కాసేపటికి ఆరుగురు జర్మన్లు బాయినెట్లతో అతని మీదికి దూసుకొచ్చారు. యార్క్ పిస్తోలు తీసి ముందు అందరికన్నా వెనక ఉన్నవాణ్ణి కొట్టాడు, తరవాత వాడి ముందున్నవాణ్ణి, అలా వరసగా ముందుకు వచ్చాడు. ఊళ్ళో అడవి టర్కీల వేటలో నేర్చిన సూత్రం ఇది. ముందుదాన్ని కొడితే వెనకవి చెదిరిపోతాయి. వెనకదాన్ని కొడితే ముందువాటికి తెలియదు.

చివరికి బందీల్లో ఉన్న జర్మన్ అధికారి ఒకాయన, ఇంగ్లీషు వచ్చినవాడు, కాల్పులు ఆపితే మావాళ్ళ చేత లొంగిపోయే ఏర్పాటు చేస్తానన్నాడు. బందీలను ముందు నడిపించుకుంటూ, దారిలో ఇంకా కొందర్ని కలుపుకుంటూ, యార్కూ మిగిలిన ఏడుగురూ తమ స్థావరం చేరేసరికి బందీల లెక్క 132. చనిపోయిన జర్మన్లు రెండు పదులకు పైన.

ఇక్కడొక మాట ధర్మంగా చెప్పాలి. ఒక్కడే 132 మందిని పట్టుకున్నాడని పత్రికలు రాశాయి. ఆ రోజు బందీలకు కాపలా ఉన్న ఏడుగురు కూడా మనుషులే. మా సంగతేమిటని తరవాతి కాలంలో వాళ్ళలో కొందరు అడిగారు. దళాన్ని శత్రువు వెనక్కి నడిపించిన ఎర్లీకి పతకం అందేసరికి 1929 వచ్చింది. పత్రికలకు ఒక్క పేరు చాలు. కొండ ప్రాంతం, దుంగల ఇల్లు, చంపనన్న భక్తుడు, గురి తప్పని వేటగాడు, ఇన్ని హంగులున్న పేరు వాళ్ళకు యార్క్‌ది దొరికింది.

1919 మే నెలలో ఓడ దిగేసరికి అతనికి ఆ సంగతి తెలిసింది. విందులు, సన్మానాలు. పెద్ద హోటల్లో గది. సినిమావాళ్ళు, నాటక కంపెనీలవాళ్ళు, సరుకుల ప్రకటనలవాళ్ళు వరస కట్టారు. ఫలానా వస్తువు చేత్తో పట్టుకుని ఫోటో దిగితే చాలు, ఇన్ని వేల డాలర్లు అన్నారు. యార్క్ అన్నిటికీ వద్దన్నాడు. దేశం కోసం చేసినదాన్ని అమ్ముకోకూడదని అతని లెక్క. అతనికి కావలసింది ఊరు. నెల తిరక్కముందే పాల్ మాల్ చేరాడు. జూన్ 7న గ్రేసీని పెళ్ళాడాడు. రాష్ట్ర గవర్నరే వచ్చి పెళ్ళి జరిపించాడు.

ఇప్పుడు మర్నాటి కథకు వద్దాం.

యార్క్ కోరిక చిన్నది, మన రైతులందరికీ తెలిసినదే. కొండవాలు మీది రాళ్ళ నేలతో వేగింది చాలు, నది ఒడ్డున ఒండ్రు పడ్డ నేల కొంచెమైనా ఉంటే బాగుండును. ఈ మాట చెవిన పడి నాష్‌విల్ నగరంలోని రోటరీ క్లబ్బువాళ్ళు ముందుకొచ్చారు. రాష్ట్రమంతా చందాలు పోగుచేసి మన వీరుడికి పొలం కొనిద్దామన్నారు. వుల్ఫ్ నది ఒడ్డున సుమారు 400 ఎకరాలు బేరం కుదిర్చారు. ఆ లోయలో అంతకన్నా మంచి నేల లేదు. ముందు కొంత సొమ్ము కట్టారు. మిగతాది చందాలు రాగానే వాయిదాల మీద కడతామన్నారు. పత్రికల్లో ఫోటోలు పడ్డాయి. ఊరూరా జనం సంతోషించారు.

చందాల సంగతి మనకు కొత్తా? ఉత్సాహం ఉన్న నెలలో వచ్చినంత డబ్బు మరుసటి నెలలో రాదు. ఇస్తానని పుస్తకంలో రాసుకున్నవాళ్ళలో ఇచ్చినవాళ్ళు కొందరే. పొలం వచ్చింది గానీ దాని వెనకే తాకట్టూ వచ్చింది. ఇల్లు పూర్తి కాలేదు. పొలంలో పశువులు లేవు, దున్నడానికి కంచరగాడిదలు లేవు, పనిముట్లు లేవు, విత్తనాలు లేవు. అవన్నీ యార్క్ అప్పు చేసి తెచ్చుకున్నాడు. అంతకుముందు కొద్దిపాటి నేల తప్ప ఎరగని మనిషి, ఒక్కసారిగా నాలుగు వందల ఎకరాల పెట్టుబడి చూసుకోవాల్సి వచ్చింది.

అప్పుడే ధరలు కూలాయి. యుద్ధం రోజుల్లో ఐరోపా పొలాలు బీడు పడి ఉన్నాయి కాబట్టి అమెరికా ధాన్యానికి ఎక్కడలేని గిరాకీ. అమెరికా రైతులు అప్పులు చేసి కొత్త భూములు కొన్నారు, కొత్త యంత్రాలు కొన్నారు. యుద్ధం ఆగి ఐరోపా మళ్ళీ నాగలి పట్టింది. ప్రభుత్వం ఇచ్చే మద్దతు ధర 1920లో ఆగిపోయింది. 1919లో బుషెల్ రెండు డాలర్లకు పైన పలికిన గోధుమ 1921 నాటికి డాలర్ దగ్గరికి దిగింది. మొక్కజొన్న మూడో వంతుకు పడిపోయింది. ధర దిగితే అప్పు కూడా దిగదు కదా. డాలర్ మీద తెచ్చిన అప్పు డాలర్ లెక్కనే కట్టాలి, అదే డాలర్‌కు ఇప్పుడు మూడింతల గింజలు పోయాలి. మన మిర్చి రైతుకూ పత్తి రైతుకూ ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు.

యార్క్ ఆ అప్పులో కూరుకుపోయాడు. సంగతి బయటికి పొక్కి పత్రికలు మళ్ళీ అతని పేరు ఎత్తాయి. దేశం నలుమూలల నుంచీ సొమ్ము వచ్చింది. పొలం బాకీ తీరింది. అందుకు అతను కృతజ్ఞుడే. కానీ ఒకసారి ఆలోచించండి. సరుకుల ప్రకటనకు బొమ్మ ఇవ్వనన్నవాడు, తన పేరును డబ్బు చేసుకోనన్నవాడు, చివరికి తన పేరు మీద దేశం చేత చందా ఎత్తించుకోవలసి వచ్చింది. ఇస్తామని వచ్చినవాళ్ళు మంచి మనసుతోనే వచ్చారు. భూమి ఇవ్వడమంటే ఏమేమి ఇవ్వాలో మాత్రం వాళ్ళు లెక్క వేసుకోలేదు.

మన దగ్గరా మాజీ సైనికులకు ప్రభుత్వ భూమి ఇచ్చే పద్ధతి చాలాకాలంగా ఉంది. మాగాణి అయితే రెండున్నర ఎకరాలు, మెట్ట అయితే అయిదెకరాలు. ఆ భూమికి హద్దు రాళ్ళు పడ్డాయా, బండి వెళ్ళే దారి ఉందా, బోరు వేస్తే నీరు పడుతుందా, మొదటి పంటకు పెట్టుబడి ఎవరిస్తారు అన్న ప్రశ్నలకు జవాబు లేకపోతే పట్టా పుస్తకం పెట్టెలోనే ఉండిపోతుంది. టెన్నెసీ కథ నాకు దూరం కథలా అనిపించకపోవడానికి అదొక కారణం.

యార్క్ సొంత పొలంతో సతమతమవుతూనే ఇంకో పని నెత్తికెత్తుకున్నాడు. యుద్ధానికి ముందు అతను ఆ కొండలు దాటి దూరం పోయినవాడు కాడు. ఫ్రాన్స్ వెళ్ళి వచ్చాక తన లోయను కొత్త కళ్ళతో చూశాడు. ఫ్రాన్స్ పల్లెల్లో రోడ్లున్నాయి, బళ్ళున్నాయి. తనతో పాటు సైన్యంలో ఉన్న కుర్రాళ్ళు ఇంటికి ఉత్తరాలు చకచకా రాసుకున్నారు. తనకేమో రాయడమే ఒక పరీక్ష. మాకు తెలివి తక్కువ కాదు, మా దగ్గరికి బడీ రోడ్డూ రాలేదు, అంతే అన్న నిర్ణయానికి వచ్చాడు.

రోడ్డు కోసం రాష్ట్ర ప్రభుత్వం చుట్టూ తిరిగాడు. రోడ్డు వచ్చింది. లోయ గుండా పోయే ఆ రహదారిని ఇప్పుడు అతని పేరుతోనే పిలుస్తారు. బడి సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. కొండ పిల్లలకు మామూలు చదువుతో పాటు సేద్యం, చేతిపనులు నేర్పే పెద్ద బడి ఒకటి కట్టాలని అతని పంతం. చందాల కోసం ఊళ్ళు తిరిగాడు. సభకు వచ్చినవాళ్ళు యుద్ధం కథ చెప్పమంటే, అతను బడి కథ చెప్పేవాడు. ఆ రోజు అడవిలో ఏం జరిగిందో వినాలని టిక్కెట్టు కొన్న జనానికి మా పిల్లలకు పలకల్లేవు అని చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి. రాష్ట్రమూ జిల్లా పాలకవర్గమూ నిధులు ఇచ్చాయి గానీ, బడి ఎక్కడ కట్టాలి, పెత్తనం ఎవరిది అన్న దగ్గర స్థానిక నాయకులతో పేచీ వచ్చింది. తొమ్మిది నెలలు చదివినవాడు బడి నడుపుతాడా అన్నవాళ్ళూ ఉన్నారు.

జేమ్స్‌టౌన్ పట్టణంలో యార్క్ పేరుతో ఆ విద్యాసంస్థ 1926లో ఏర్పడింది. కొండ దారుల్లో పిల్లల్ని తీసుకురావడానికి బస్సులు కావాలి. పంతుళ్ళకు జీతాలివ్వాలి. ప్రభుత్వం సొమ్ము సమయానికి రాకపోతే యార్క్ తన పొలాన్ని తాకట్టు పెట్టాడు. అదే పొలం. దేశమంతా చందాలేసి విడిపించిన పొలం. ఈ సంగతి చదివిన దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. తాకట్టు అంటే ఏమిటో ఒకసారి అనుభవించినవాడు మళ్ళీ ఆ కాగితం మీద సంతకం పెట్టాలంటే ఎంత గుండె కావాలి! ఆర్గాన్ కొండ మీద అతనికి ఆలోచించుకునే వ్యవధి లేదు. ఇక్కడ ఉంది. కలం పట్టుకుని, వడ్డీ ఎంతో చదివి, భార్యాపిల్లల్ని తలుచుకుని మరీ పెట్టిన సంతకం ఇది. పొగరు అనండి, మొండితనం అనండి. నాకు మాత్రం 132 మంది బందీల కన్నా ఈ సంతకమే పెద్దదిగా కనిపిస్తుంది.

1936లో అతను ఆ బడి అధ్యక్ష పదవి వదులుకున్నాడు. మరుసటి ఏడు రాష్ట్రమే దాన్ని పూర్తిగా తీసుకుంది. ఇప్పటికీ రాష్ట్రమే నడుపుతోంది. ఆ ముప్ఫయ్యో దశకంలోనే దేశమంతా ఆర్థిక మాంద్యం. పని లేని కుర్రాళ్ళకు అడవుల్లో, పార్కుల్లో పని చూపించే ప్రభుత్వ పథకం ఒకటి నడిచింది. కంబర్లాండ్ కొండల్లో ఒక పార్కూ చెరువూ తయారు చేసే పనికి యార్క్ సూపరింటెండెంట్‌గా ఉద్యోగం చేశాడు. పొలం ఒక్కటీ ఇంటిని పోషించలేనప్పుడు రైతు చేసే పనే అతనూ చేశాడు.

సినిమా కథ కూడా ఇక్కడే చెప్పాలి. జెస్సీ లాస్కీ అనే నిర్మాత 1919 నుంచీ అతని వెంట పడుతున్నాడు. ఇరవై ఏళ్ళు కాదన్న యార్క్ 1940లో ఒప్పుకున్నాడు. బైబిల్ పాఠశాల ఒకటి కట్టాలని ఉంది, దానికి డబ్బు కావాలి. ఐరోపాలో మళ్ళీ యుద్ధం రగులుకుంది కూడా. నా వేషం నటుడు గారీ కూపరే వేయాలన్నాడు. 1941లో సార్జెంట్ యార్క్ సినిమా విడుదలై దేశాన్ని ఊపేసింది. కూపర్‌కు ఆస్కార్ వచ్చింది. ఆ సినిమా ఆఖరి ఘట్టం ఏమిటంటే, యుద్ధం నుంచి వచ్చిన యార్క్‌ను గ్రేసీ నది ఒడ్డుకు తీసుకువెళ్ళి, రాష్ట్ర ప్రజలు అతనికి బహుమతిగా ఇచ్చిన పొలాన్నీ, సిద్ధంగా కట్టించి పెట్టిన ఇంటినీ చూపిస్తుంది. శుభం కార్డు పడుతుంది. జనం కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు పోయారు. అసలు యార్క్‌కు కష్టాలు మొదలైంది సరిగ్గా ఆ శుభం కార్డు దగ్గర.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అతనికి యాభై దాటాయి. మళ్ళీ సైన్యంలో చేరతానన్నాడు. ఒళ్ళు సహకరించదని పోరాటానికి పంపలేదు. ప్రచారానికి, యుద్ధ బాండ్ల అమ్మకానికి ఊరూరా తిప్పారు. తన జిల్లాలో కుర్రాళ్ళను సైన్యంలోకి ఎంపిక చేసే బోర్డులో అతనే పెద్ద. 1917లో నాకు యుద్ధం చేయాలని లేదని రాయించినవాడు, ఇప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చుని ఇతరుల కాగితాలు చూశాడు. ఇందులో అతన్ని తప్పుపట్టేవాళ్ళూ ఉంటారు, మెచ్చుకునేవాళ్ళూ ఉంటారు. నాకు తోచేది ఒకటే. అలాంటి బల్ల దగ్గర, కాగితానికి రెండు వైపులా తెలిసినవాడు ఒక్కడైనా ఉండటం మంచిది.

సినిమా డబ్బు చేతికొచ్చింది, వచ్చినది వచ్చినట్టే బడికీ చర్చికీ అడిగినవాళ్ళకూ పోయింది. దాని మీద పన్ను ఎలా లెక్కకట్టాలన్న దగ్గర ఆదాయపు పన్ను శాఖతో తగాదా వచ్చింది. 1951లో శాఖ ఎనభై అయిదు వేల డాలర్లకు పైగా కట్టమంది. వడ్డీ పెరిగి పదేళ్ళలో బాకీ రెట్టింపయింది. 1954లో యార్క్‌కు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. కట్టే స్తోమతు లేదని తేలాక 1961లో 25,000 డాలర్లకు ఒప్పందం కుదిరింది. ఆ సొమ్ము కూడా ప్రతినిధుల సభ స్పీకర్ శామ్ రేబర్న్, ఇతర పెద్దలూ పూనుకుని చందాలెత్తి కట్టారు. నలభై ఏళ్ళలో అదే మనిషికి అదే దేశం రెండోసారి చందా వేసింది. 1964 సెప్టెంబర్ 2న యార్క్ కన్నుమూశాడు. వుల్ఫ్ నది పక్కనే సమాధి చేశారు. అతని ఇల్లు, పొలం, నీటి చక్రంతో తిరిగే పిండిమర, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కాపాడే చారిత్రక స్థలం. సెలవు రోజుల్లో జనం చూడటానికి వస్తారు.

అతను మంచి రైతా, మంచి లెక్కదారా అంటే, లెక్కల్లో గట్టివాడు కాడు. చేయి పెద్దది, నమ్మకం ఎక్కువ, వద్దనడం చేతకాదు. అప్పులకు అవి కూడా కారణాలే. కానీ ఒక దేశం తన సిపాయికి ఇవ్వదలచుకున్నది అతను లెక్కల్లో ఆరితేరినవాడైతేనే దక్కాలా? కొండ పల్లె నుంచి వెళ్ళి తిరిగి కొండ పల్లెకే వచ్చిన మనిషికి పట్నంలో చేసిన విందులు ఒక్క రోజు పనికొచ్చాయి. రోడ్డు దాదాపు నూరేళ్ళుగా పనికొస్తోంది, బడీ అంతే. ఆ రెండూ ఎవరూ అతనికి బహుమతిగా ఇవ్వలేదు. ఇంటికి రాగానే అతనే అడిగాడు, అడిగి అడిగి సాధించాడు. సిపాయికి ఏం కావాలో సిపాయినే అడగాలన్న సంగతి అంత పెద్ద దేశానికీ తోచలేదు.

మన పల్లెలకూ సరిహద్దుల నుంచి మనుషులు తిరిగొస్తూనే ఉంటారు. పింఛను పుస్తకంతో, ఇనుప పెట్టెతో బస్సు దిగుతారు. మర్నాటి నుంచి చేలో కనిపిస్తారు. జెండా పండుగ నాడు వాళ్ళకు శాలువా కప్పడం మంచిదే, కప్పుదాం. దాంతో పాటు రెవెన్యూ కాగితాల్లో ఒక్కసారి చూడండి. వాళ్ళకు రాసిచ్చిన నేల కొలిచి హద్దులు చూపించారా? చేలోకి దారి ఉందా? ఈ కారుకు బ్యాంకు అప్పు చేతికొచ్చిందా? ఈ మూడు ప్రశ్నలు అడగడానికి వీరగాథలు తెలియనక్కర్లేదు. తహసీల్దారు కచేరీకీ బ్యాంకుకూ ఒక్క పూట వెళ్ళివస్తే చాలు.